మిషిను ఎక్కడిదాక ఒచ్చింది

నా రెండు కళ్ళ మీద ఒట్టు. ఈ పూట తిన్న అన్నం మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం జరిగినదే.

నన్ను ఎరిగినవాళ్ళు ఈ ముక్క చదవగానే ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వుతారని తెలుసు. వాళ్ళ తప్పేం లేదు. వర్లి ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేప కడుపులో మా మామ పోగొట్టుకున్న గొడుగు దొరికిందని, తెరిచి చూస్తే పిడి మీద ఆయన పేరు చెక్కుచెదరకుండా ఉందని చెప్పినవాణ్ణి నేనే. మా చాల్ ఇరుకు మెట్ల మీద ఒక లావుపాటి మనిషి పైకి బయలుదేరితే, పైవాళ్ళు కిందికి దిగడానికి మర్నాటిదాకా ఆగాల్సి వచ్చేదని ప్రచారం చేసినవాణ్ణీ నేనే. కానీ ఇది ఆ కోవలోది కాదు.

ఇన్ని ఒట్లు వేసి తల్లి మీద ఒట్టు ఎందుకు వేయలేదని అడుగుతారేమో. కాగితం మీద అది ఒక్కసారే వేశాను. ఎనభైల నడుమ, నేను రాసిన మొట్టమొదటి కథలో, మొట్టమొదటి వాక్యంలో వేశాను. ఆ ఒట్టు సంగతే ఇది.

అప్పటికి బొంబాయిలో బట్టల మిల్లులు మూతబడి కొన్నేళ్ళయింది. కామాటిపురలో ఒక చాల్‌లో, అంటే వరస గదుల అద్దె మేడలో, రెండో అంతస్తున అమ్మా నేనూ ఒక ఖోలీలో ఉండేవాళ్ళం. ఖోలీ అంటే ఒకటే గది. వంట, పడక, దేవుడు, పేచీ అన్నీ అందులోనే. మా ముత్తాతలు రాళ్ళు మోయడానికి, గోడలు కట్టడానికి పాలమూరు దిక్కు నుంచి వచ్చినవాళ్ళు. బొంబాయిలో సగం గోడలు మనవాళ్ళ చేతుల మీదుగా లేచినవేనని అమ్మ గొప్పగా చెప్పేది. మా గల్లీ పేరు చెబితే మాత్రం ఊళ్ళోవాళ్ళు పక్కనున్న సానివీధులు తలుచుకొని నవ్వేవారు. అందుకని ఎక్కడుంటావని ఎవరైనా అడిగితే పక్క పేట పేరు చెప్పి నాగ్‌పాడా అనేవాణ్ణి.

అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. పగలంతా నాగ్‌పాడాలోనే ఉండేవాణ్ణి. అక్కడ రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసే ఒక దుకాణంలో నా పని. టంకం పెట్టడం, దుమ్ము దులపడం, పని కాని రేడియోను రేపు రమ్మని చెప్పడం, ఈ మూడింట్లో మూడోది నాకు బాగా వచ్చు. చాల్‌లో వాళ్ళకు మాత్రం నేను మిషిన్లు తెలిసిన మనిషిని. నా మాట మీద ఎవరికీ నమ్మకం లేకపోయినా నా స్క్రూడ్రైవరు మీద ఉండేది.

ఒకరోజు దుకాణానికి పాత గ్రామఫోను ఒకటి మరమ్మత్తుకు వచ్చింది. సూది మార్చి, రికార్డు తిప్పి చూసి, అదే ధ్యాసలో ఇంటికి నడుస్తుంటే దారిలో ఎవరో గోడకు సున్నం గచ్చు పూస్తున్నారు. తడి గచ్చు మీద తాపీ తిరిగిన చోటల్లా సన్నని వంపు గీతలు. రికార్డు మీద ఉండేవి అచ్చం అలాంటివే కదా అనిపించింది. ఇంకేం, ఇల్లు చేరేలోపు కథ అల్లేశాను.

కథ ఇది. రెండువేల సంవత్సరం. మన కామాటిపురలోనే ఒక శాస్త్రజ్ఞుడు. గచ్చు తడిగా ఉన్నప్పుడు ఆ గదిలో ఎవరు ఏం మాట్లాడినా ఆ మాట గోడ మీద కంటికి కనబడని గీతగా పడుతుందని, ఆరిపోయాక అందులోనే ఉండిపోతుందని అతను కనిపెడతాడు. ఒక మిషిను చేస్తాడు. దాని సూది గోడ మీద నడిపిస్తే ఎప్పుడో పోయినవాళ్ళ గొంతులు బయటికొస్తాయి. మొదట ఒక పాత ఇంటి యజమాని అద్దె అడుగుతాడు. తరవాత అత్తలు, కోడళ్ళు, తోడికోడళ్ళు. ఒకరి వెనక ఒకరు అనుకున్నవన్నీ వినబడేసరికి గల్లీ గల్లీ కొట్టుకొని, చివరికి అందరూ కలిసి ఆ మిషినును పగలగొడతారు. అది నవ్వించడానికి రాసిన కథ. మొదటి వాక్యం నాకు బాగా నచ్చింది: "మా అమ్మ మీద ఒట్టు, రెండువేల సంవత్సరంలో మన గల్లీలో ఇలాగే జరుగుతుంది."

హైదరాబాదు వారపత్రిక ఒకదానికి పంపాను. అది ఎంత వేగంగా తిరిగొచ్చిందంటే, దారిలో ఎవరూ విప్పి ఉండరని ఇప్పటికీ నా అనుమానం. ఏం చేయాలో తోచక దాన్ని వాచనాలయం పెద్దాయన చేతిలో పెట్టాను.

వాచనాలయమంటే మా చాల్ కింది అంతస్తులో ఒక చిన్న గది, రెండు బెంచీలు, ఎప్పుడో వచ్చిన తెలుగు పత్రికలు. పెద్దాయన మునిసిపాలిటీలో పనిచేసి రిటైరై దాన్ని చూసుకునేవాడు. దాని గుమ్మం పక్కన మెట్ల కింద ఒక చెక్క బోర్డు ఉండేది. పాలమూరు నుంచి బస్సు దిగిన ప్రతి మనిషీ ముందు అక్కడికొచ్చి ఊరి కబుర్లు చెప్పాలి. వానలు పడ్డాయా, ఎవరు పోయారు, ఎవరి పిల్ల పెళ్ళి కుదిరింది, జాతర ఎప్పుడు. పెద్దాయన అవి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బోర్డుకు అంటించేవాడు. మాలో చాలామందికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. చదువుకున్న పిల్లలకు మరాఠీ, హిందీ అక్షరాలే తెలుసు. కాబట్టి సాయంత్రం ఆయనే నిలబడి చదివేవాడు. మెట్ల మీద కూర్చొని అందరూ వినేవారు. చావు కబురైతే అక్కడే ఏడుపు మొదలయ్యేది. జాతర కబురైతే అక్కడే బట్టలు సర్దుకోవడం మొదలయ్యేది. ఆ బోర్డు మీద రాసింది ఎన్నడూ తప్పిపోలేదు.

ఆ వారం ఊరి నుంచి ఎవరూ రాలేదు. బోర్డు ఖాళీగా ఉంది. పెద్దాయన నా కథ అందంగా తిరగరాసి అంటించాడు. పైన 'కథ' అని కూడా రాశాడు. కానీ చదివేటప్పుడు, అలవాటు కొద్దీ, "ఇనుండ్రి" అని గొంతు సవరించుకొని నేరుగా మొదటి వాక్యంలోకి వెళ్ళిపోయాడు.

సరిగ్గా చదువుతున్నప్పుడే నల్లాలో నీళ్ళొచ్చాయి. మా చాల్‌లో సాయంత్రం నల్లా వచ్చిందంటే బాలింతలు కూడా బిందెలతో లేస్తారు. ఆ రోజు ఒక్కరూ లేవలేదు. నీళ్ళు వరసలో పెట్టిన మొదటి బిందె నింపి, పొర్లి, అంగణంలో పారి, వాచనాలయం గుమ్మం తడిపాయి. పెద్దాయన మడమలెత్తి నిలబడి చదివాడు. రచయితగా నా జీవితంలో అంత గొప్ప క్షణం మళ్ళీ రాలేదు.

మర్నాటి నుంచి అభిప్రాయాలు మొదలయ్యాయి. వారపత్రికలవాళ్ళు పాఠకుల ఉత్తరాలు వేసుకుంటారు. నాకు అవి నల్లా దగ్గర, మెట్ల మీద, సండాసు వరసలో అందేవి.

"ఏంరా, మా అత్త మాటలు మల్ల ఇనాల్నా నేను?" అంది పక్క ఖోలీ వదిన. "బతికున్నప్పుడు ఇన్నది సాలదా? రెండువేలు రాకముందే గోడకు రంగేపిస్త, సూడు."

"శాస్త్రజ్ఞునికి పెండ్లి చేయకపోతివి," అన్నాడు పెద్దాయన. "పెండ్లాముంటే అసుంటి మిషిను చెయ్యనిస్తదా? కథ ఆడనే ఆగిపోవు. తక్కువల అయిపోవు."

అమ్మ అభిప్రాయం అన్నిటికంటే చిన్నది. "ఒట్టెయ్యనీకి నేనే దొరికిననా? నీ రేడియోల మీద ఏసుకోరాదూ?"

ఆదివారం వర్లి నుంచి మామ వచ్చాడు. మిల్లు మూతబడ్డాక ఆయన చేతిలో పని లేదు. ప్రతి ఆదివారమూ మాకు చెప్పకుండా భోజనం వేళకు వచ్చేవాడు, అమ్మ ప్రతి ఆదివారమూ ఆయనకు తెలియకుండా బియ్యం ఎక్కువ పోసేది. వర్లిలో కూడా కథ తెలిసిపోయిందట. అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా అడిగాడు.

"అల్లుడా, గా కథల రెండువేల సంవత్సరం అని రాసినవ్ గద. అందుల మా మిల్లు ఉన్నదా?"

"మిల్లు లేదు మామా. గోడల గురించే రాసిన."

"ఉంటే బాగుండు," అన్నాడు. ముద్ద మింగి మళ్ళీ, "గల్లీల పొగగొట్టం కనబడ్డట్టు ఒక మాట రాయరాదూ? పొగ ఒస్తున్నట్టు. ఒక్క మాటనే."

రాస్తానన్నాను. అందరూ కథ గురించి మాట్లాడుతున్నారని సంబరంలో ఉన్న నాకు, ఆయన నిజంగానే అడుగుతున్నాడని అప్పుడు తట్టలేదు.

ఇక మిగిలింది అవ్వ. చాల్ అంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. మా అంతస్తులోనే చివరి ఖోలీలో ఒంటరిగా ఉండేది. ఆమె భర్త తాపీ పనివాడు, పోయి చాలా కాలమైంది. కొన్ని రోజుల తరవాత ఒక పొద్దున, అమ్మ కూరకు చిక్కుడుకాయలు తెంపుతుంటే గుమ్మంలోకి వచ్చి కూర్చుంది.

"బిడ్డా, రెండువేలు అంటే ఇంక ఎన్ని దసరాలు?"

"చానా ఉన్నయ్ అవ్వా."

"నేనుంటనా అప్పటిదాక?"

"ఉంటవ్, గట్టిదానివి నువ్వు."

"నా సంగతి ఇడిశిపెట్టు. గోడ ఉంటదా?"

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఆ ఖోలీలోకి వచ్చిన కొత్తలో లోపలి గోడ గచ్చు లేకుండా ఇటుకలు కనబడుతూ ఉండేదట. ఇంటి యజమానిని అడిగి అడిగి విసిగి, భర్త తను పనిచేసే చోట మిగిలిన సున్నం అడిగి తెచ్చుకొని, ఒక సెలవు రోజున తనే పూశాడట.

"ఆయన తాపీ తిప్పుతుంటే మా బిడ్డ ఎనకనే నిలబడి సర్... సర్... అని తాపీ లెక్కనే సప్పుడు చేస్తుండె. నాయినా, గోడ మీద నా పేరు రాయి అన్నది. రాస్తే సేఠ్ తిడ్తడు అన్నడు. గంతే, ఒకటే నగుడు. పొద్దంత ఆ గోడ ముంగటనే ఉన్నది. మాట్లాడుకుంట, నగుకుంట. ఆ ఏడు వానలల్ల జరమొచ్చి పోయింది."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. అవ్వకు ఒక కూతురుండేదని మాకెవరికీ తెలియదు.

"మొకం యాదికున్నది, బిడ్డా," అంది అవ్వ. "గొంతు యాదికి లేదు. ఎంత తిప్పలపడ్డా రాదు. కింద పిల్లలు ఆడుతుంటే ఇంట. ఇది గాదు, ఇది గాదు అనుకుంట. ఏది అవునో మాత్రం తెల్వది. నువ్వు రాసినంక తెలిసింది. అది ఏడికీ పోలే, గోడలనే ఉన్నది."

"అవ్వా, అది ఉత్తగ రాసిన కథ," అన్నాను.

"కథ అయితే అమ్మ మీద ఒట్టెందుకేస్తవ్? మీ అమ్మ నా ఎదురుంగనే ఉన్నది. చిక్కుడుకాయ తెంపుతున్నది. అబద్ధమైతే ఉంటదా?"

"అక్కా, వీడు నా మీద ఏసిన ఒట్లకు నేను ఎన్నడో సావాలె," అంది అమ్మ.

"సావలేదు గద, చెల్లె. అందుకే నమ్ముతున్న."

అవ్వ లేచి, నా తల మీద చేయి వేసి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక అమ్మ నావైపు చూసిన చూపు గురించి రాయను.

ఆ వేసవిలోనే చాల్‌కు మరమ్మత్తు మొదలైంది. వెనకవైపు గోడలు ఉబ్బి, పెచ్చులు ఊడుతున్నాయి. ఉబ్బిన గచ్చంతా కొట్టేసి, పగుళ్ళు పూడ్చి, సిమెంటు పూయాలి. లేకపోతే వానల్లో గోడ మనుషుల మీద పడుతుందన్నారు. పనివాళ్ళు కూడా మా దిక్కువాళ్ళే, మహబూబ్‌నగర్ నుంచి కూలికి వచ్చినవాళ్ళు. ఒక్కో ఖోలీ ఖాళీ చేయించి, గోడ కొట్టి, పూసి ముందుకు వెళ్తున్నారు. చివరి ఖోలీ వంతు వచ్చిన రోజు నాగ్‌పాడా దుకాణానికి కబురొచ్చింది, వెంటనే రమ్మని.

వెళ్ళేసరికి మా అంతస్తంతా అవ్వ గుమ్మం ముందే ఉంది. లోపల అవ్వ గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకొని కూర్చుంది. మేస్త్రి సుత్తె పక్కన పెట్టి బీడీ తాగుతున్నాడు.

"పొద్దుగాల నుంచి గిదే వరస," అన్నాడు మేస్త్రి. "రెండువేల సంవత్సరంల రా, అప్పుడు కొట్టు అంటున్నది. నేనేం చేయాలె అన్నా? ఇడిశిపెట్టి పొమ్మంటే పోత. గానీ ఈ గోడ వానకు ఆగది. చెయ్యి పెట్టి సూడు, బోలుగ ఉన్నది."

పెద్దాయన నా భుజం మీద చేయి వేశాడు. "నా బోర్డు మీద పెట్టి తప్పు చేసినం. పో, నిజం చెప్పు. గోడ మీద పడి ముసల్ది సస్తే ఎవరిది పాపం?"

నిజం చెప్పాలనే లోపలికి వెళ్ళాను. అవ్వ ముందు గొంతుకూర్చున్నాను. ఉబ్బిన గోడ ఆమె తల వెనక పొట్టలా ముందుకొచ్చి ఉంది. ఆమె అరచేయి దాని మీద ఉంది, నిద్రపోయే పిల్లను జోకొడుతున్నట్టు.

"రెండువేలు ఒచ్చిందా?" అంది నన్ను చూసి.

"రాలే అవ్వా. ఆ మిషిను ఉన్నది సూడు..." అన్నాను. 'అది లేదు, నేను అల్లిన' అనేది నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఏమైందో నాకూ తెలియదు. "...దానికి గోడంత అక్కర లేదంట," అని ముగించాను. "మా దుకాణంల అడిగిన. ఒక్క పలకంత ముక్క ఉంటే సాలంట. గోడంత పెడితే మిషినుల పట్టది."

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. అవ్వ నా మొహంలోకి చూసింది.

"ఏ ముక్క?"

"పిల్ల నోరు ఏ ఎత్తుల ఉండెనో, ఆ ఎత్తుల ముక్క."

ఆమె లేచింది. గోడ వైపు తిరిగి చేయి చాపింది. ఒక చోట పెట్టింది. కాదనుకొని కిందికి దించింది. తన నడుం చూసుకుంది. "నా నడుం కాడికి ఒస్తుండె," అని తనలో తను అనుకొని, మళ్ళీ కొంచెం దించి, "గిక్కడ," అంది. అంతవరకూ ఆ పిల్ల మాకు ఒక కబురు; ఆ చేయి ఆగిన చోట మాత్రం ఆ పిల్లే నిలబడి ఉంది.

మేస్త్రి బీడీ పారేశాడు. "జర జరుగు, అవ్వా," అని బొగ్గుతో గీత గీశాడు. మొదటిసారి ఉలి పెట్టగానే ఒక మూల పొడి పొడిగా రాలింది. అవ్వ నోరు నొక్కుకుంది. మేస్త్రి ఆగి, గంజి, పాత చీర ముక్క అడిగాడు. అమ్మ మా ఖోలీలోంచి అన్నం గంజి తెచ్చింది. గచ్చు రాలిపోకుండా చీర ముక్కను గంజిలో ముంచి గోడకు అద్ది, అది ఆరేదాకా ఆ గుమ్మంలోనే అందరం కూర్చున్నాం. తరవాత మేస్త్రి చుట్టూ మెల్లగా చెక్కి, పసిపిల్లను నీళ్ళలోంచి ఎత్తినట్టు రెండు చేతులతో ఆ పలకను ఊడదీసి అవ్వ ఒళ్ళో పెట్టాడు. కూలి అడగలేదు, నవ్వలేదు. "మా పిల్ల కూడ గింతనే ఉంటది, ఊర్ల," అని మాత్రం అన్నాడు.

మిగతా గోడ కొట్టేటప్పుడు అవ్వ వరండాలో కూర్చుంది. సుత్తె దెబ్బ పడ్డప్పుడల్లా ఒళ్ళో పలక మీద కొంగు కప్పి, రెండు చేతులూ దాని మీద ఆనించింది, చప్పుడు దాని చెవుల్లో పడకుండా.

ఆ తరవాత అవ్వకు నాతో ఒకటే మాట. మెట్ల మీద కనబడినా, నల్లా దగ్గర కనబడినా, "మిషిను ఎక్కడిదాక ఒచ్చింది?" అనేది. ఊరి నుంచి వచ్చే బస్సు గురించి అడుగుతారే, అలా. ఏ మంచి వస్తువైనా, మంచి కబురైనా ఆమె ఎరిగినంతవరకు ఆ బస్సులోనే వచ్చేది మరి. నాకూ అదే వాటంగా దొరికింది. "రాయచూరుల ఉన్నది అవ్వా, సూది ఇంక సన్నగ చెయ్యాల్నంట," అనేవాణ్ణి. ఒక వానాకాలం గుల్బర్గాలో ఆపాను. షోలాపూర్‌లో చాలాకాలం ఉంచాను, అక్కడ కరెంటు సరిగ్గా లేదని. ఆమె తల ఊపేది. "మెల్లగ రానియ్. ఆగం చేస్తే పాడైతది," అనేది. పలకను పాత చీరలో చుట్టి, దేవుడి పటం పక్కన పెట్టుకుంది. దాని దగ్గర ఎవరినీ గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు; కొత్త మాటలు పాత మాటల మీద పడతాయని.

చాల్‌లో వాళ్ళు రెండో కథ ఎప్పుడని అడిగేవారు. పెద్దాయన బోర్డు మీద ఒక మూల నాకోసం ఖాళీ ఉంచాడు. రాయలేకపోయాను. కూర్చుంటే మామ అడిగిన పొగగొట్టం గుర్తొచ్చేది. ఆ ఒక్క మాట కూడా రాయలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

కొన్నేళ్ళకు ఒక వానాకాలం అవ్వ మంచం పట్టింది. అమ్మ గంజి కాచి పోసేది. ఒకనాడు నన్ను పిలిపించింది. మంచం పక్కన కూర్చుంటే, బోసినోటితో నవ్వింది.

"పిచ్చి కొడుకా, నాకు తెల్వదనుకున్నవా? అది కథ అని మొదటి నాడే ఎర్కనే. మిషిను లేదు, ఏం లేదు. నువ్వు చెప్తుంటే మంచిగుండె, అందుకే అడిగిన. నా బిడ్డ ఎంత ఎత్తుండె అని ఈ లోకంల అడిగినోడివి నువ్వొక్కనివే. పో, నీ కథ మంచి కథ. పలక నువ్వే ఉంచుకో."

ఆ రోజే పోయింది.

పలక నా దగ్గరే ఉంది. చాల్ వదిలి వర్లికి మారినప్పుడు ఒక పక్క పగిలింది. అమ్మ కూడా ఇప్పుడు లేదు. ఒట్టు వల్ల కాదు, వయసు వల్ల. రెండువేల సంవత్సరం వచ్చింది. టీవీలో ఏవేవో దేశాల తారాజువ్వలు చూపిస్తుంటే ఆ పలక తీసి, ఎవరూ చూడకుండా చెవికి ఆనించుకున్నాను. చల్లగా ఉంది.

మొదట్లో కళ్ళ మీద, అన్నం మీద ఒట్టు వేశాను కాబట్టి ఒక మాట చెప్పి ముగించాలి. ఇందులో ఒక ముక్క కల్పించాను. నీళ్ళు పొర్లుతున్నా ఎవరూ లేవలేదన్న ముక్కే అయి ఉంటుందని మీరనుకుంటారు. కాదు, అది నిజం. వాచనాలయం తలుపు చెక్క ఆ తడికే ఉబ్బి తరవాత మూసుకోలేదు. గంజి పెట్టి గచ్చు ఊడదీయడమూ నిజమే. ఏ తాపీ మేస్త్రినైనా అడగండి.

అవ్వ నవ్వుతూ అన్న ఆ చివరి మాటలు నావి. ఆమె అలా అనలేదు. అది కథ అని ఆమెకు ఎన్నడూ తెలియదు.

ఆ రోజు ఆమె కళ్ళు తెరిచి, నా మణికట్టు పట్టుకొని, ఎప్పటి మాటే అడిగింది. "ఎక్కడిదాక ఒచ్చిందిరా?" షోలాపూర్ అయిపోయింది, పూణె అయిపోయింది. అంతకుముందు వారమే దాదర్ దాకా తెచ్చేశాను. ఇక మిగిలింది మా చాల్ గేటే. 'ఒచ్చింది అవ్వా, కింద దించుతున్నరు' అంటే చాలు. పుట్టినప్పటి నుంచి ఎన్ని చెప్పినవాణ్ణి, ఎంతమందికి చెప్పినవాణ్ణి. ఆ ఒక్కటి నోట్లోంచి రాలేదు. ఆమె నా నోటివైపే చూస్తూ ఉంది.

అప్పుడే కింద నల్లా వచ్చిందని కేక వినబడింది. వరండాలో బిందెల చప్పుడు మొదలైంది. "నీళ్ళు పట్టుకొస్త అవ్వా," అని చేయి విడిపించుకొని, ఆమె బిందె తీసుకొని దిగిపోయాను. ఆ రోజు వరస పొడుగ్గా ఉంది. ఎవరైనా ముందుకు పొమ్మన్నా నేను పోలేదు.

నింపుకొని పైకొచ్చేసరికి అమ్మ ఆ గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. నా భుజం మీద నిండు బిందె. దాన్ని ఎక్కడ దించాలో చాలాసేపటిదాకా నాకు తోచలేదు.